దీపముండగానే: ఆస్ట్రేలియా కరెంటు కోతలూ, చేతిపెట్టె సోలారూ

2024 ఫిబ్రవరి 13, మంగళవారం. మెల్‌బోర్న్‌లో ఎండ మండిపోతున్న రోజు. ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక గాలి మొదలైంది. కాసేపటికి మీటింగు మధ్యలోనే స్క్రీను ఆగిపోయింది. ఫ్రిజ్జు చప్పుడు లేదు, ఏసీ చప్పుడు లేదు. విశాఖపట్నం నుంచి మా అమ్మ వచ్చి అప్పటికి మూడు వారాలైంది. హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏరా, ఇక్కడ కూడా కరెంటు పోతుందా?"

పోతుందమ్మా, ఓ అరగంటలో వచ్చేస్తుంది అన్నాను. సాయంత్రమైనా రాలేదు. మర్నాడు పొద్దున గాలి తగ్గి ఎండ కాసింది. కరెంటు మాత్రం లేదు. అమ్మ పెరట్లో నిలబడి ఇంటి కప్పు కేసి చూస్తూ రెండో ప్రశ్న వేసింది. "ఇంటి నెత్తిన అన్ని పలకలు పెట్టించావు కదా, ఎండా బాగానే ఉంది. మరి ఫ్యాను తిరగదేమిట్రా?"

నేను ఇంజనీరింగులో మాస్టర్స్ చేసింది ఈ దేశంలోనే. కప్పు మీద ఉన్నది 6.6 కిలోవాట్ల సోలారు. అయినా ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. పైగా ఫ్రిజ్జులో అమ్మ ఇన్సులిన్ ఉంది, అదీ అసలు కంగారు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను తెలుసుకున్న సంగతుల సారాంశం.

పలకలున్నా చీకటెందుకు?

ఆస్ట్రేలియాలో 40 లక్షలకు పైగా ఇళ్ళ మీదా, చిన్న వ్యాపారాల మీదా సోలారు పలకలున్నాయి. తలకింత అని లెక్కవేస్తే ప్రపంచంలో ఈ విషయంలో మనదే ముందు వరస. కానీ వీటిలో ఎక్కువ భాగం గ్రిడ్డు పోతే తామూ ఆగిపోతాయి. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టుబాటు. లైనుమన్ తీగ తెగిన చోట మరమ్మతు చేస్తుంటే, ఎవరింటి కప్పు మీదనుంచో కరెంటు వెనక్కి పారితే అతని ప్రాణం పోతుంది. అందుకని గ్రిడ్డు కనబడకపోతే ఇన్వర్టరు క్షణాల్లో ఆగిపోవాలని ఇక్కడి ప్రమాణాలు చెబుతాయి.

బ్యాటరీ ఉంటే సరిపోతుందా అంటే, అదీ అన్నివేళలా కాదు. గ్రిడ్డు నుంచి ఇంటిని విడదీసి సొంతంగా నడిపే బ్యాకప్ ఏర్పాటు విడిగా ఉండాలి. చాలా కొటేషన్లలో అది 'కావాలంటే అదనం' అనే వరుసలో ఉంటుంది. సోలారు పెట్టించుకునేటప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏడాదికి ఎంత ఆదా అన్న లెక్క ఒక్కటే చూసుకున్నాను.

పోయేది ఎక్కడ?

కరెంటు పోగానే ఇక్కడి టీవీల్లో, పార్లమెంటులో ఒకటే వాదన మొదలవుతుంది: బొగ్గు ప్లాంట్లు మూసెయ్యడం వల్ల అని ఒకరు, ముసలి బొగ్గు ప్లాంట్ల వల్లే అని ఇంకొకరు. 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం మొత్తం చీకటైపోయి, 8 లక్షల 50 వేల కనెక్షన్లు ఆగిపోయినప్పటి నుంచీ ఈ వాదన నడుస్తూనే ఉంది. ఆ రోజు కూడా మొదట జరిగింది సుడిగాలులకు హైటెన్షన్ టవర్లు కూలడం.

మా మెల్‌బోర్న్ రోజునే తీసుకోండి. జీలాంగ్ దగ్గర అనాకీ ప్రాంతంలో ఆరు టవర్లు కూలాయి. లోయ్ యాంగ్ 'ఎ' బొగ్గు విద్యుత్కేంద్రం గ్రిడ్డు నుంచి విడిపోయింది. విక్టోరియాలో 5 లక్షల 30 వేలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. వీటిలో ఉత్పత్తి చాలక గ్రిడ్డు నిర్వాహకులు కావాలని కోసినవి సుమారు 90 వేలు. అవి కొద్ది గంటల్లోనే తిరిగొచ్చాయి. రోజుల తరబడి అల్లాడినవాళ్ళు మిగతావాళ్ళు, అంటే వీధి చివర తీగ మీద యూకలిప్టస్ చెట్టు పడినవాళ్ళు. మేమూ ఆ బాపతే.

2021 జూన్‌లో డాండెనాంగ్ కొండల మీద జరిగిందీ అదే. కొన్ని ఊళ్ళకు వారాల తరబడి కరెంటు లేదు. 2024 అక్టోబరు 17న బ్రోకెన్ హిల్ దగ్గర ఏడు టవర్లు కూలి దాదాపు 20 వేలమంది ఉన్న ప్రాంతం చీకటైంది. ఆపద్ధర్మంగా ఉంచిన రెండు గ్యాస్ టర్బైన్లలో ఒకటి అప్పటికే మరమ్మతులో ఉంది. ఊరి పక్కనే సోలారు క్షేత్రం, గాలి మరల క్షేత్రం, పెద్ద బ్యాటరీ ఉన్నా మొదట్లో అక్కరకు రాలేదు. అమ్మ మా కప్పు కేసి చూసి అడిగిన ప్రశ్నే ఆ ఊరి జనం కూడా అడిగారు. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుపాను వచ్చినప్పుడు ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌లో 3 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది.

కాబట్టి కరెంటు ఎక్కడ తయారవుతోందన్న వాదన ఎటు తేలినా, తీగ తెగితే ఇంట్లో చీకటే. తుపాను మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో అమ్మా వాళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. తేడా ఏమిటంటే, అక్కడ నూతులూ, గ్యాస్ పొయ్యిలూ, ఇరుగుపొరుగూ ఉండేవి. ఇక్కడ వంట, స్నానం, ఉద్యోగం, ఫోను అన్నీ ఒకే తీగ మీద వేలాడుతున్నాయి. ఎన్.బి.ఎన్. వచ్చాక ఇంటి ఫోను కూడా అంతే. మోడెమ్‌కు కరెంటు లేకపోతే ఆ ఫోన్లోంచి ట్రిపుల్ జీరోకు కూడా కాల్ వెళ్ళదు.

పక్కింటి పెద్దాయన

మా పక్కింట్లో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. వాకిట్లో ఎప్పుడూ కారవాన్ ఉంటుంది. రెండో రోజు పొద్దున్నే గోడ అవతలనుంచి ఏమైనా కావాలా అని అడిగారు. ఇన్సులిన్ సంగతి చెప్పాను. ఆయన కారవాన్‌లో 12 వోల్టుల చిన్న ఫ్రిజ్జు, దానికో లిథియం బ్యాటరీ, గడ్డి మీద పరిచిన మడత సోలారు పలక. గ్రిడ్డుతో ఏ సంబంధమూ లేని సరంజామా. అమ్మ ఇన్సులిన్ ఆ రోజంతా ఆయన బీరు సీసాల పక్కన చల్లగా కూర్చుంది.

వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్‌ను సాధారణంగా ఎండ తగలకుండా గదిలోనే దాదాపు నాలుగు వారాలు ఉంచవచ్చని తరవాత ఫార్మసీలో చెప్పారు. చల్లగా ఉండాల్సింది విప్పనివి. మందును బట్టి గడువు మారుతుంది కాబట్టి మీ ఫార్మసిస్టును ఇప్పుడే అడిగి ఉంచుకోండి. కంగారులో నాకది తట్టలేదు. కానీ ఆ రోజు కారవాన్ దగ్గర నిలబడి ఒకటి అర్థం చేసుకున్నాను. నా కప్పు మీద ఉన్నది బిల్లు తగ్గించే యంత్రం. ఆయన గడ్డి మీద ఉన్నది కష్టంలో ఆదుకునే యంత్రం. రెండూ సోలారే, పనులు వేరు.

మూడో రోజు మాకు కరెంటు వచ్చింది. నెల తిరిగేలోపు నేనూ ఒక 'పోర్టబుల్ పవర్ స్టేషన్' కొన్నాను. మనవాళ్ళకు సులువుగా చెప్పాలంటే, మన ఊళ్ళో మెట్ల కింద ఉండే ఇన్వర్టరు, బ్యాటరీ రెండింటినీ ఒక సూట్‌కేసులో పెట్టి, దానికి సోలారు పలక తగిలించుకునే కన్నం ఇచ్చినట్టు. ఊళ్ళో వాడే 12 వోల్టుల, 150 యాంపియర్-అవర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. అది పాడవకుండా రోజూ వాడుకోగలిగింది దాదాపు సగం. బరువు యాభై కిలోల పైమాటే. ఇప్పటి లిథియం పెట్టెలో ఒక యూనిట్ నిలవకు పది పద్నాలుగు కిలోలు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, యాసిడ్ వాసన లేదు.

ముందు లెక్క, తరవాత బ్రాండు

ఎకోఫ్లో, బ్లూటీ, జాకరీ, యాంకర్ అంటూ మార్కెట్లో డజను పేర్లున్నాయి. ఏది మంచిదని అడిగే ముందు మన ఇంటి లెక్క మనం వేసుకోవాలి. మనకు కావాల్సినవి రెండే అంకెలు: ఒకేసారి ఎన్ని వాట్లు లాగుతాం, రోజుకు మొత్తం ఎన్ని యూనిట్లు వాడతాం.

ఫ్రిజ్జు మీద అతికించే ఎనర్జీ రేటింగ్ లేబుల్‌లో ఏడాది యూనిట్లు రాసి ఉంటాయి. మాది 365, అంటే రోజుకు ఒక యూనిట్. మోడెమ్, రౌటరు కలిపి 15 వాట్లు, రోజంతా వాడితే 0.36. పది వాట్ల ఎల్.ఈ.డీ. దీపాలు నాలుగు, ఐదు గంటలకు 0.2. రెండు లాప్‌టాప్‌లు నాలుగేసి గంటలకు 0.4. ఫోన్లు నాలుగు కలిపి 0.06. మొత్తం రమారమి రెండు యూనిట్లు. పెట్టెలో ఉన్నదంతా బయటికి రాదు, పదిహేను శాతం దాకా ఇన్వర్టరు తినేస్తుంది. పైగా ఏమీ వాడకపోయినా ఏసీ స్విచ్చి వేసి ఉంచితే గంటకు పది పదిహేను వాట్-అవర్లు ఖర్చవుతూనే ఉంటాయి. అంటే రెండు యూనిట్ల పెట్టెతో పూర్తిగా ఒక రోజు గడవడం కష్టం. లాప్‌టాప్‌లు తగ్గించి, రాత్రి మోడెమ్ ఆపేస్తే గడుస్తుంది. ఒక యూనిట్ పెట్టె అయితే పూట గడుస్తుంది. ఫ్రిజ్జు తలుపు తియ్యకుండా ఉంటే కరెంటు లేకపోయినా నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది కాబట్టి, మధ్యమధ్య ఆపి నడిపితే ఇంకాస్త సాగుతుంది.

ఇక వాట్లు. ఎలక్ట్రిక్ కెటిల్ 2,200 వాట్లు, రూము హీటరు 2,400. 1,800 వాట్ల పెట్టెకు వీటిని తగిలిస్తే చేతులెత్తేస్తుంది. హీటరు నడిపేటంత పెద్ద ఇన్వర్టరు ఉన్నా, ఒక యూనిట్ నిలవ పాతిక నిమిషాల్లో ఆవిరైపోతుంది. చలికాలం కోతలకు దుప్పట్లే గతి. మన రైస్ కుక్కరు మాత్రం బుద్ధిమంతురాలు. ఆరేడు వందల వాట్లు, అరగంట, మహా అయితే 0.3 యూనిట్.

బ్యాటరీ రకం చూడండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మూడు వేల సార్లు ఛార్జి చేసినా దాదాపు ఎనభై శాతం సామర్థ్యం మిగులుతుంది, వేడికి కూడా ఓర్చుకుంటుంది. చవగ్గా వచ్చే పాత మోడళ్ళలో ఉండే నికెల్ మాంగనీస్ కోబాల్ట్ రకం ఆయుర్దాయం అందులో చిన్న భాగం. మన ప్లగ్గు, 230 వోల్టులు, ఆర్.సి.ఎం. గుర్తు ఉన్నవే కొనండి. విదేశీ సైట్ల నుంచి తెప్పించినదానికి వారంటీ అడగాలంటే ఎవరి గుమ్మం తొక్కాలో తెలియదు. ధర సుమారుగా యూనిట్ నిలవకు వెయ్యి డాలర్లు. జూన్ చివర పన్ను సంవత్సరం సేల్‌లో, నవంబరు బ్లాక్ ఫ్రైడేలో ఇంకా తగ్గుతుంది.

ఉత్తరం వైపు తిప్పండి

పలకల గురించి ఒక మాట. మన ఊళ్ళో సోలారు పలకలు దక్షిణం వైపు చూస్తాయి. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు. కుబేర స్థానం కాబట్టి మంచిదేలే అంది అమ్మ. ఏడాది సగటున ఒక కిలోవాట్ పలక నుంచి రోజుకు మెల్‌బోర్న్‌లో 3.6 యూనిట్లు, సిడ్నీలో 3.9, బ్రిస్బేన్, అడిలైడ్‌లలో 4.2, పెర్త్‌లో 4.4 వస్తాయని ఇక్కడి పరిశ్రమ వాడే అంచనా. అంటే 200 వాట్ల మడత పలక నుంచి మెల్‌బోర్న్‌లో సగటున రోజుకు 0.7 యూనిట్. జూన్ నెల మబ్బుల్లో అందులో సగం కూడా అనుమానమే. ఫ్రిజ్జు ఒక్కటి రోజుల తరబడి నడవాలన్నా 400 వాట్ల పలకలు కావాలి. పెట్టె మీద రాసిన వాట్లు ప్రయోగశాల వాట్లు. మంచి ఎండలో 200కి 140 వచ్చినా సంతోషించాలి. పెట్టెను మాత్రం నీడలో ఉంచండి.

క్యాంపింగులో

కొన్నాక దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతే, అవసరానికి తీసేసరికి ఖాళీగా ఉంటుంది. అందుకే క్యాంపింగుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాం. మనవాళ్ళ క్యాంపింగంటే తెలిసిందేగా, టెంటు కంటే ముందు పులిహోర డబ్బా కారెక్కుతుంది. చాలా నేషనల్ పార్కుల క్యాంపుల్లో జనరేటరు మోత ఒప్పుకోరు. టోటల్ ఫైర్ బ్యాన్ రోజున నెగడు వెయ్యకూడదు. అలాంటి రోజున రైస్ కుక్కర్లో అన్నం, ఊరగాయ, పెరుగు. దానికి మించిన భోగం నాకైతే కనబడలేదు. పక్కింటి పెద్దాయన చెప్పిన కిటుకు ఒకటి: చిన్న ఫ్రిజ్జును ఏసీ సాకెట్టుకు కాకుండా 12 వోల్టుల కన్నానికే తగిలించండి, ఇన్వర్టరు తినే కరెంటు మిగులుతుంది. నెలకోసారి ఇలా వాడితే పెట్టె ఆరోగ్యమూ తెలుస్తుంది, పిల్లలకూ దాని వాడకం వస్తుంది.

ప్రభుత్వం ఇచ్చేదీ, ఇవ్వనిదీ

2025 జూలై 1 నుంచి కేంద్ర ప్రభుత్వం 'చీపర్ హోమ్ బ్యాటరీస్' పథకం తెచ్చింది. మొదట్లో ధరలో సుమారు 30 శాతం తగ్గింపు. ఆ డిసెంబరుకే లక్షన్నర ఇళ్ళు వాడుకున్నాయి. తాకిడి తట్టుకోలేక ప్రభుత్వం బడ్జెట్టు 2.3 బిలియన్ డాలర్ల నుంచి 7.2 బిలియన్లకు పెంచి, 2026 మే నుంచి పెద్ద బ్యాటరీలకు తగ్గింపు కుదిస్తామని ప్రకటించింది. సొంత ఇల్లు, కప్పు మీద సోలారు ఉన్నవాళ్ళకు నా సలహా, ముందు ఈ గోడ బ్యాటరీ ధర కనుక్కోండి. యూనిట్ నిలవకు లెక్కేస్తే చేతిపెట్టె కంటే చవగ్గా రావచ్చు. అయితే బ్యాకప్ ఉందా, ఏయే సర్క్యూట్లకు అని కాగితం మీద రాయించుకోండి. నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి.

ఈ పథకం చేతిపెట్టెలకు వర్తించదు. లైసెన్సు ఉన్నవాళ్ళు ఇంటికి బిగిస్తేనే రాయితీ. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో మూడో వంతుకు కాస్త తక్కువ ఇళ్ళు అద్దెవి. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నామని అదే లెక్కల్లో రాసుకున్న దాదాపు 59 వేలమందిలో విద్యార్థులు, కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎందరో ఉన్నారు. గోడకు మేకు కొట్టాలన్నా ఏజెంటును అడగాల్సిన వాళ్ళకు గోడ బ్యాటరీ ఎక్కడిది? సొంతింటి వాడికి పన్నుల సొమ్ముతో రాయితీ, అద్దింటి వాడికి కొవ్వొత్తి. ఇది నాకు న్యాయంగా కనిపించదు. వాళ్ళకు ఇల్లు మారినా వెంట వచ్చే ఈ పెట్టె ఒక్కటే దారి. 2025 నవంబరులో ప్రకటించిన 'సోలార్ షేరర్' వాళ్ళకు కొంత ఊరట. స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్ళకు పగటిపూట కనీసం మూడు గంటలు ఉచిత కరెంటు, న్యూ సౌత్ వేల్స్, ఆగ్నేయ క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియాలలో 2026 జూలై నుంచి అన్నది ఆ ప్రకటన. కప్పు లేనివాళ్ళు కూడా ఆ గంటల్లో పెట్టె నింపుకోవచ్చు.

అయితే బిల్లు మిగులుతుందని మాత్రం కొనకండి. రోజూ ఒక యూనిట్ ఆదా చేసినా, ముప్ఫై సెంట్ల చొప్పున ఏడాదికి 110 డాలర్లు. ఇది పొదుపు కాదు, భీమా.

జాగ్రత్తలు

పెట్టెలోంచి తీగ తెచ్చి గోడ సాకెట్టులో పెట్టి ఇల్లంతా వెలిగించాలన్న తెలివి ఎవరికీ వద్దు. అది చట్టవిరుద్ధం, ముందు చెప్పిన లైనుమన్ ప్రాణానికీ మీ ప్రాణానికీ ముప్పు. ఏది నడపాలో దాన్ని నేరుగా పెట్టెకే తగిలించండి. బయటికి వెళ్ళే గుమ్మం దగ్గర, మంచం పక్కన ఛార్జింగు పెట్టకండి. ఉబ్బినా, కిందపడి సొట్టపోయినా వాడకండి. పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా బ్యాటరీలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. రీకాల్ అయిన మోడళ్ళ జాబితా ఏ.సి.సి.సి. వాళ్ళు పెడుతుంటారు, కొనేముందు ఒకసారి చూడండి. ఊళ్ళో అమ్మానాన్నలకు ఒకటి పట్టుకెళ్దామనుకుంటే కుదరదు. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల సామానుతో విమానం ఎక్కించరు.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం లాంటి ప్రాణాధార పరికరం ఉంటే కరెంటు కంపెనీ దగ్గర 'లైఫ్ సపోర్ట్' కింద తప్పక నమోదు చేయించండి. బిల్లు కట్టలేదనో, మరమ్మతు అనో చెప్పకుండా తీసెయ్యడానికి వీల్లేదు. కానీ చెట్టు పడితే ఆ నమోదు తీగను అతకదు. వాళ్ళకు మాత్రం ఈ పెట్టె విలాసం కాదు.

అమ్మ మళ్ళీ 2025 చివర్లో వచ్చింది. పెట్టెను చూసి, వెయ్యిన్నర డాలర్లా అని మొదట ముక్కున వేలేసుకుంది. తరవాత ప్రతి శనివారం దాని ఛార్జి ఎంతుందో చూసి నాకు చెప్పే పని ఆవిడే తీసుకుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలిరా అంటుంది. పక్కింటి పెద్దాయనకు మాత్రం అప్పుడప్పుడూ గోడ మీదుగా ఒక డబ్బా పులిహోర వెళుతూనే ఉంది. కరెంటు లేని రోజున మమ్మల్ని మొదట ఆదుకున్నది ఆయనే.